కొసరు వేసిన అగ్నిపర్వతం

ఏడు ఖండాలనూ పిడికెడు వంటసోడాతో ముంచిన ఘనత బెంగళూరు మొత్తానికి నా ఒక్కదానిదే. ప్రళయానికి వరుణుడు దిగిరానక్కర్లేదు. బేరం తెలిసిన తల్లి ఒకతె చాలు. తలుచుకుంటే ఇప్పటికీ నడుం లాగుతుంది, అయినా చెబుతాను.

మా నాన్నకు కె.ఆర్.పురంలో కిరాణా కొట్టు. తూకమయ్యాక పైన చారెడు వెయ్యనివాడు మనిషే కాదని ఆయన సిద్ధాంతం. అసలు కన్నా కొసరు ముద్దని మా ఇంటి సామెత.

నా కూతురు మేఘన ఐదో తరగతి. బడి ప్రదర్శనలో ఖండాలూ, వాటి నడుమ పొంగే అగ్నిపర్వతమూ చూపించి అందరి ముందు వివరించాలి. నలుగురిలో నోరు విప్పని పిల్ల. ఆ నాలుగు మాటల కోసం వారం రోజులు అద్దంతో మాట్లాడింది. నేను బడి ఎదుటి స్టేషనరీ షాపుకు వెళ్ళాను.

"రెడీమేడ్ కొండ ఉండాదక్కా. తొమ్మిది నూర్లు."

"మట్టికి తొమ్మిది నూర్లా? మున్నూరు ఇస్తా. కొసరుగా ఒక భూకంపం వెయ్యప్పా."

"నేనూ బతకాల గదక్కా!"

వెనక్కి పిలుస్తాడని నత్తలా నడిచాను. పిలవలేదు. ఆ రోషంతో ఇంట్లోనే చేద్దామన్నాను. చేసింది మాత్రం పిల్లే. అట్ట మీద వాటర్‌కలర్లతో ఖండాలు వేసి, మధ్యలో మట్టి కొండ నిలబెట్టింది. నాలుగు సాయంత్రాలు పట్టింది.

ప్రదర్శన రోజు, "మమ్మీ, టూ స్పూన్స్ సోడా, హాఫ్ కప్ వెనిగర్. అంతే! మ్యామ్ స్ట్రిక్ట్‌గా చెప్పారు," అని చార్టు అంటించడానికి అటు తిరిగింది.

రెండు చెంచాలు వేశాను. కొండ నోరు బోసిగా కనిపించింది. ఇంత కొండకు రెండు చెంచాలా, పిసినారితనం కాకపోతే! మీరు నమ్మాలి, ఆ పైన పిడికెడు వేసింది నా చెయ్యి కాదు, మా నాన్నది.

టీచరమ్మ, తల్లిదండ్రులు చుట్టూ చేరారు. "పొయ్యి మమ్మీ," అంది మేఘన. పోశాను, సీసా ఖాళీ అయ్యేదాకా.

గృహప్రవేశానికి పాలు పొంగితే శుభమంటారు. ఇది ఏడు ఇళ్ళకు సరిపడా పొంగింది. మొదట ఆఫ్రికా పోయింది. ఆసియా కరిగి యూరప్ మీద పడింది. ఆస్ట్రేలియా బల్ల అంచుదాకా ఈదుకుంటూ వెళ్ళి, టీచరమ్మ పట్టుచీర కుచ్చిళ్ళలో స్థిరపడింది.

"సాకు, సాకు!" అని ఆవిడ కన్నడంలో అరిచారు. చాలు చాలనడానికి అప్పటికి ఏ దేశమూ మిగల్లేదు.

మేఘన కళ్ళు నిండాయి. వారం రోజుల మాటలు నా వల్ల గంగపాలు. కొండను తవ్వి ఎలుకను పట్టినవాళ్ళున్నారు గాని, కొండను పొంగించి కూతుర్ని ఏడిపించినదాన్ని నేనే. పిల్ల ముక్కు తుడుచుకుని అట్ట వైపు వేలు చూపింది.

"చాలా ఇయర్స్ ముందు ఖండాలన్నీ ఒకే ముక్కగా ఉండేవి. తర్వాత విడిపోయాయి. మా మమ్మీ మళ్ళీ కలిపేసింది."

హాలంతా నవ్వింది. ఆ నవ్వులోనే మిగతా పాఠమంతా జంకకుండా చెప్పేసింది.

మోకాళ్ళ మీద కూర్చుని నేల తుడుస్తూ శపథం పట్టాను: ఈ జన్మలో ఇక ప్రకృతికి కొసరు వెయ్యను.

ఆటోలో మేఘన లెక్క తీసింది. "ఫోర్ ఈవెనింగ్స్ పెయింట్ చేశా. నాలుగు ఐస్‌క్రీములు."

"రెండు."

"నాలుగు. కొసరు ఒకటి."

ఐదూ కొనిపెట్టాను. ఇక బిల్లు. సోడా, వెనిగర్ డెబ్బై. మట్టి, రంగులు నూట ఎనభై. టీచరమ్మ చీర డ్రైక్లీనింగ్ మూడు వందలు. ఐస్‌క్రీములు ఐదు, నాలుగు వందలు. వెరసి తొమ్మిది వందల యాభై. షాపతను అడిగిన దానికన్నా యాభై ఎక్కువ.

ఆ యాభై, కొసరు.