ఊపిరి ఉండగానే నడిగీత చేరాలి

మా డ్రిల్లు మాస్టారు పోయారు. మొన్న గుణదలలో ఉదయప్రార్థన ముగించి వస్తుంటే, కాలవ వంతెన మీద మా అబ్బాయి ఎదురొచ్చి ఆ మాట చెప్పి, సైకిలు పట్టుకుని అలాగే నిలబడిపోయాడు. 

ఆయన మతం వేరు, నా మతం వేరు. నేను చంకలో గ్రంథంతో వీధి మలుపుల్లో దేవుని మాట చెప్పేవాణ్ణి. ఆయన సాయంత్రాలు కాలవ పక్క మైదానంలో మా అబ్బాయితో సహా మా పేట కుర్రాళ్లచేత చెడుగుడు ఆడించేవారు. నడిగీత మాత్రం తానే వేసేవారు. సున్నం డబ్బా వంచి, కళ్లు పిల్లల మీదే ఉంచి, వెనక్కి నడుస్తూ.

"మాస్టారూ, ఆశానిగ్రహం గురించి లేఖనం ఉందండీ. ఆటకు ముందు చదువుతాను," అన్నాను ఒకనాడు.

"చదవండి బ్రదరుగారూ. మధ్యలో కాస్త ఊపిరి తీసుకోండి," అన్నారు. కుర్రాళ్లు పగలబడి నవ్వారు.

కూతకు వెళ్లినవాడు ఒకణ్ణి తాకగానే రెండోవాడి మీద ఆశపడతాడు. అక్కడే దొరికిపోతాడు. "ఊపిరి ఉండగానే నడిగీత చేరరా!" అని అరిచేవారు. ఎవరైనా కలబడితే కొట్టేవారు కాదు. కూత పెట్టించి మైదానం అంచుదాకా నడిపించి, "ఇప్పుడు చెప్పు, ఇంకా కొట్టాలనుందా?" అని అడిగేవారు.

ఉద్యమం రోజుల్లో బస్టాండు దగ్గర మా అబ్బాయి చేతిలో రాయి చూశాను. అప్పటికి పదహారేళ్లవాడు. అటు పోలీసులు తుపాకులు ఎత్తి ఉన్నారు. "వెయ్యరా, భయమా?" అని పక్కవాళ్లు రెచ్చగొడుతున్నారు. నేను లేఖనం ఎత్తి అరిచాను. ఆ గోలలో నా గొంతు నాకే వినపడలేదు.

మాస్టారు సైకిలు దిగి వాడి పక్కన నిలబడ్డారు.

"కూత పెట్టరా."

"ఇప్పుడా మాస్టారూ?"

"ఇప్పుడే. ఊపిరి అయిపోయాక విసురుకో. నేనడ్డం రాను."

వాడు "చెడుగుడు చెడుగుడు" అంటూ ఆయన వెనకే నడిచాడు. కాలవ గట్టు చేరేసరికి ఊపిరి అయిపోయింది. రాయి జారింది. వాడు భోరుమన్నాడు.

"పిరికోడా, పోయి ఆటాడుకో!" అని వెనకనుంచి ఎవడో అరిచాడు.

"వాడు అవుట్ కాలేదురా," అన్నారు మాస్టారు. "గీత చేరాడు."

తండ్రులారా, వినండి! నిగ్రహం కావాలని పిల్లలకు గొంతు చించుకుని చెబుతాం. ఉడుకెత్తిన క్షణంలో ఏం చేయాలో వాళ్ల కాళ్లకూ ఊపిరికీ ఎవరం నేర్పుతున్నాం? ఆయన ఏ గొడవా లేని సాయంత్రాల్లోనే నేర్పి పెట్టారు. దేవుడు నా బిడ్డను ఆ చేతుల మీదుగా నాకు తిరిగి ఇచ్చాడు. స్తోత్రం.

నిన్న కృష్ణ ఒడ్డున దహనం అయ్యాక మావాడు ఇంటికి రాలేదు. వెతుక్కుంటూ మైదానానికి వెళ్లాను. కుర్రాళ్లు రెండు జట్లుగా నిలబడి ఉన్నారు. వాడు సున్నం డబ్బా వంచి, వాళ్ల మీంచి చూపు తిప్పకుండా, మెల్లగా వెనక్కి నడుస్తున్నాడు.