మనిషి చేతి ఉత్తరం

అద్దంకిలో ఉండే కవిగారు నాకు రాసిన ఉత్తరాన్ని ఎప్పుడూ పోస్టులో వేసేవారు కాదు. మా సత్తెనపల్లి వైపు వచ్చే మనిషి దొరికేదాకా జేబులో పెట్టుకు తిరిగేవారు. కవరు అంటించే అలవాటు కూడా లేదు.

“ఫోను చెయ్యొచ్చు కదండీ,” అని ఒకసారి విసుక్కున్నాను.

“ఫోన్లో మాటొక్కటే వస్తుందయ్యా. మనిషి రాడు గదా,” అన్నారు.

అలా మా ఇంటికి మిరపకాయల వ్యాపారి వచ్చాడు, కూతుర్ని చూడబోతున్న ముసలాయన వచ్చాడు, మంగళగిరి చీరలమ్మే ఆవిడ వచ్చింది. నా కవితల మీద కవిగారి అభిప్రాయం వాళ్లు దారిలోనే చదివేసేవాళ్లు.

“మీ పత్తిచేను కవిత తేలిపోయిందంటగదండీ,” అంది చీరలావిడ, కాఫీ తాగుతూ. “బస్సులో పైకి చదువుకున్నాం. మాకూ అట్టాగే అనిపించింది.”

నాకు ఒళ్లు మండింది. రెండు రోజులు ముభావంగా తిరిగి, చివరికి ఆ కవిత తిరగరాశాను. ఆవిడ మళ్లీ వచ్చినప్పుడు ముందు ఆవిడకే వినిపించాను. “ఇప్పుడు చేలో నిలబడ్డట్టుంది,” అంది. ఆ మాటే కవిగారికి రాసి, ఆవిడ చేతికే ఇచ్చి పంపాను.

మొన్న వేసవిలో ఆవిడ వచ్చి, చీరల మూట దించకుండా గుమ్మంలోనే నిలబడింది. అలవాటుగా చెయ్యి చాపాను.

“ఈసారి ఉత్తరం లేదండీ. పెద్దాయన నిన్న పొద్దున పోయారు. మీకు మాత్రం ఫోన్లో చెప్పొద్దని, ఎవరో ఒకరం రావాలని ముందే మాట తీసుకున్నారు.”

నేను గుమ్మం మీదే కూర్చున్నాను. ఆవిడ మూట దించి, నా పక్కన కూర్చుంది.