మంచు బండికి గ్రీజు కొట్టిన రోజులు

ఆ రోజుల్లో ఎవరైనా "ఈ పని నువ్వైతేనే చేయగలవు" అంటే నేను పొంగిపోయేదాన్ని. ఆ మాట అన్నవాళ్లు పనిని మన నెత్తిన పెట్టి తాము తప్పుకుంటున్నారని తెలియడానికి చాలా ఏళ్లు పట్టింది. అప్పుడు నాకు ఇరవై నాలుగేళ్లు. హిమాలయాల్లో మంచు ఎంత కరుగుతోందో కొలిచే ప్రాజెక్టులో పీహెచ్‌డీ చేయడానికి యూనివర్సిటీలో చేరాను. ఆ ప్రాజెక్టు కోసం మా గైడ్ సార్ ఎక్కడి నుంచో ఒక పాత స్నోమొబైల్ తెప్పించారు. మంచు మీద పోయే బండి అది. ముందు చక్రాల బదులు రెండు పలకలు, వెనక వెడల్పాటి రబ్బరు పట్టా, ఆ పట్టా లోపలే సస్పెన్షన్. ప్రయాణం ఇంకా ఏడాదిన్నరకు. అందాకా దాన్ని హైదరాబాద్ ఎండలో, రేకుల షెడ్డులో కాపాడాలి.

"మీ ఇంట్లో ట్రాక్టరుందన్నావు కదమ్మా, గ్రీజు గన్ను పట్టుకోవడం వచ్చా?" అని అడిగారు సార్. వచ్చన్నాను. "ఇంకేం మరి, ఈ పని నువ్వైతేనే చేయగలవు. బండి సంగతి తెలిసినవాళ్లే కదా రేపు మంచు మీదికి రావాల్సింది" అన్నారు. ఆ చివరి మాటను నేను అదే సాయంత్రం ఫోన్లో అమ్మకు చేరవేశాను. "గంత చలిల నీకేం పని బిడ్డా" అంటూనే అమ్మ వారంలో మంకీ క్యాప్ పంపింది. (ఊరందరికీ చెప్పాకే పంపిందని తర్వాత తెలిసింది.)

నెలకోసారి జాకీ పెట్టి బండి వెనక భాగాన్ని లేపేదాన్ని. పట్టా కిందికి వేలాడాక లోపలికి దూరి, గ్రీజు ఎక్కించే చిన్న మూతులను, అంటే నిపుళ్లను, తుడిచి, నల్లబడ్డ పాత గ్రీజు బయటికొచ్చి కొత్తది కనిపించేదాకా గన్ను కొట్టేదాన్ని. చిన్న చక్రాలను చేత్తో తిప్పి, బేరింగులు గరగరమంటున్నాయేమోనని చెవి ఆనించి వినేదాన్ని. కదలని బండి కాబట్టి అవెప్పుడూ గరగరమనలేదు.

మామూలు గ్రీజు చలికి గట్టిపడుతుందని, వేరే రకం వాడాలని బండితో వచ్చిన పుస్తకంలో ఉంది. తార్నాక సందులో స్కూటర్లు బాగుచేసే ఉస్తాద్ ఆ మాట నమ్మలేదు. "గ్రీజంటే గ్రీజే బేటా. పుస్తకాలు రాసేటోళ్లు బండ్లు నడుపుతరా ఏంది" అని, రెండు రకాలూ రెండు మూతల్లో తీసి పక్కనున్న జ్యూస్ దుకాణం ఫ్రీజర్లో పెట్టించాడు. మర్నాటికి మామూలు లారీ గ్రీజులో స్క్రూడ్రైవర్ గుచ్చితే నిలబడింది. రెండోది వెన్నలాగే ఉంది. జ్యూస్ దుకాణం ఆయన సపోటా జ్యూస్ వారం రోజులు గ్యారేజీ వాసన కొట్టింది. ఉస్తాద్ మాత్రం ఆనాటి నుంచి నన్ను "మంచు మేడమ్" అనేవాడు. అయితే ఆ గొప్ప గ్రీజు మన మే నెల వేడికి మజ్జిగలా కారి, నా డ్రెస్సులన్నిటి మీదా గుర్తులు వదిలింది. హాస్టల్లో నా పక్క మంచం అమ్మాయి తన దుప్పటి దూరంగా ఆరేసుకునేది.

ప్రాజెక్టులో నాతోపాటు ఇంకో స్కాలరుండేవాడు. చొక్కా మడత ఎన్నడూ నలగదు కాబట్టి అందరం ఇస్త్రీ అన్న అనేవాళ్లం. షెడ్డు గడప దగ్గర నిలబడి, ముక్కుకు రుమాలు అడ్డం పెట్టుకొని "మస్తు కష్టపడుతున్నవ్ చెల్లె" అని వెళ్లిపోయేవాడు.

ప్రయాణం దగ్గరపడ్డాక వెళ్లేవాళ్ల జాబితా వేశారు, మూడు పేర్లున్నాయి. సార్, సార్ మిత్రుడు, ఇస్త్రీ అన్న. నేను సార్ గదికి పోయాను.

"నువ్విక్కడుంటేనే మాకు ధైర్యమమ్మా. అక్కడ బండికి ఏదైనా అయితే ఫోన్లో చెప్పగలిగేది నువ్వొక్కదానివే."

"అన్నకు గ్రీజు కొట్టుడు రాదు కద సార్."

"అందుకేనమ్మా."

మంచు మీదికి పోకపోతే నా చేతికి కొలతలు రావు, కొలతలు లేకపోతే నా థీసిస్ లేదు. సార్‌కు అది నాకంటే బాగా తెలుసు.

వాళ్లు వెళ్లిన పదో రోజు ఉస్తాద్ షాపులో చాయ్ తాగుతుంటే ఫోన్ మోగింది. పొడుగాటి నంబరు, వాళ్లు తీసుకెళ్లిన శాటిలైట్ ఫోన్‌ది. ఎత్తలేదు. ఆగి మళ్లీ మోగింది.

"ఎత్తవా?" అన్నాడు ఉస్తాద్.

"ఎత్తను."

"బండేం తప్పు జేసింది బేటా."

ఎత్తాను. ఇస్త్రీ అన్న. వెనక సస్పెన్షన్ బిగుసుకుపోయింది, క్యాంపు చాలా దూరంలో ఉంది.

"మంచుల నడిపినంక గ్రీజు కొట్టిండ్రా అన్నా?"

"ఒక్కటే జత గ్లౌసులున్నయి చెల్లె."

వెనక లేపమన్నాను. ఇరుక్కున్న మంచు కొట్టేయమన్నాను. నిపుళ్లు ఐదూ వెతుక్కోకుండా దొరకాలని నేనే వాటి చుట్టూ ఎర్ర గోళ్లరంగు పూసి ఉంచాను. ఒక్కొక్కటి చెప్పి కొట్టించాను. చాలాసేపటికి ఇంజిన్ చప్పుడు, దాని వెనక చప్పట్లు వినిపించాయి. అంతలో లైను తెగింది. (థాంక్స్ చెప్పబోతుంటేనే తెగిందని కొన్నేళ్లు నమ్మాను.)

తర్వాత అచ్చయిన పరిశోధన పత్రంలో మూడే పేర్లున్నాయి. చివర్లో వర్క్‌షాప్ సిబ్బందికి కృతజ్ఞతలు. "ఆ సిబ్బంది ఎవరు సార్?" అని అడిగాను. "నువ్వేనమ్మా" అన్నారు, ఎంతో ఆప్యాయంగా. ఆ నెలాఖరుకు ప్రాజెక్టు వదిలేశాను. దాంతోపాటు పీహెచ్‌డీ కూడా నన్ను వదిలేసింది. ఇప్పుడు ఒక డిప్లొమా కాలేజీలో పాఠాలు చెబుతున్నాను.

పోయినేడు ఇస్త్రీ అన్న ఫోన్ చేశాడు. ఇప్పుడు సార్ కుర్చీలో తనే ఉన్నాడు. కొత్త బండొచ్చిందట, గ్రీజు కొట్టడం స్టూడెంట్లకు ఒక్కసారి చూపించమన్నాడు. కుదరదని చెప్పడానికి తార్నాక దాకా మెట్రోలో మాటలు కూర్చుకుంటూనే పోయాను. పోయి, మోకాళ్ల మీద కూర్చొని, గన్ను అందుకున్నాను.

నోట్‌బుక్ పట్టుకున్న ఒకమ్మాయి అడిగింది: "మీరు మంచు మీదికి ఎన్నిసార్లు పోయిండ్రు మేడమ్?"

"రెండుసార్లు" అన్నాను.

"ఎట్లుంటది మేడమ్?"

ఊపిరి కనురెప్పల మీద గడ్డకడుతుందని, ఇంజిన్ ఆపితే మన గుండె చప్పుడు మనకే వినిపిస్తుందని చెప్పాను. ఆ అమ్మాయి శ్రద్ధగా రాసుకుంది. గుమ్మం దగ్గరున్న ఇస్త్రీ అన్న తల దించుకున్నాడు.

తిరిగొస్తుంటే సిగ్గేసింది, తర్వాత నవ్వొచ్చింది. ఆ ఇరవై నాలుగేళ్ల పిల్ల పక్క సీట్లో కూర్చొని ఉంటే నన్నేమీ తిట్టేది కాదు. "రెండే చెప్పినవేంది అక్కా" అని మాత్రం అడిగేది.