మగ్గం ఆగిన సినిమా

సినిమా అవార్డులు ఊహించడంలో మా వీధిలో నన్ను మించినవారు లేరని చాలాకాలం అనుకున్నాను. పదో తరగతితో బడి మానేసినా, గద్వాల గ్రంథాలయంలో సినిమా పేజీ ఉన్న పత్రికను ఒక్కటీ వదల్లేదు. ఎడిటింగ్ అంటే ఏమిటో, కెమెరా ఎక్కడ పెడితే ఏ భావం పుడుతుందో అక్కడి బల్ల దగ్గరే నేర్చుకున్నాను.

ఏటా అవార్డులు ప్రకటించే ముందు మా వీధివాళ్లం ఐదుగురం ఉత్తమ చిత్రం పేరు చీటీ మీద రాసి టీకొట్టు డబ్బాలో వేస్తాం. గెలిచినవారు ఏ సినిమా చెబితే ఆ ఆదివారం అందరం దానికే వెళ్లాలి. రెండేళ్లుగా గెలుస్తున్నది పక్కింటి అక్క.

ఆమె చీరలు నేస్తుంది. ఫోన్ పక్కన పెట్టుకుని సినిమా వింటుందే తప్ప చూసేది తక్కువ. "ఏ సినిమాకు నా చేతులు ఆగుతయో గదే మంచి సినిమా తమ్మీ," అంటుంది. ఒక్క సమీక్ష చదవని మనిషి గెలవడం నాకు మింగుడుపడలేదు.

ఈసారి పడవ నడిపే ముసలాయన కథకే అవార్డు వస్తుందని నెల ముందే తేల్చేశాను. ఎందుకో ఆమె మగ్గం దగ్గర నిలబడి అరగంట వివరించాను.

"నీకు శాన తెలుసు," అని నవ్వింది. ఆ నవ్వే నన్ను చెడగొట్టింది; నా లెక్క మీద నాకే అనుమానం పుట్టింది.

చీటీలు వేసే రోజు పొద్దున, చెప్పుకోవడానికి సిగ్గే, ఆమె కిటికీ పక్కన నిలబడి విన్నాను. లోపల ఒక కోర్టు సినిమా నడుస్తోంది. లాయరు వాదన మధ్యలో మగ్గం చప్పుడు ఆగింది. చాలాసేపటి వరకు మళ్లీ వినిపించలేదు. నేరుగా టీకొట్టుకు వెళ్లి, పడవ సినిమా పేరు రాసి జేబులో పెట్టుకున్న చీటీ చింపేసి, కోర్టు సినిమా పేరు రాసి వేశాను.

అవార్డు పడవ సినిమాకే వచ్చింది. డబ్బా తెరిస్తే ఆ పేరున్న చీటీ ఒక్కటే ఉంది. అది అక్కది.

"పడవ సినిమాకు మగ్గం ఆగిందా అక్కా?"

"నేను గది ఇననే లేదు తమ్మీ. గంత చదివినోడు ఉత్తగనే చెప్తడా అని నీ మాటే రాసిన. నువ్వేంది, నీ మాట నువ్వే ఇడిసిపెట్టినవ్?"

"చీటీలేసిన రోజు పొద్దుగాల కోర్టు సినిమాకు మగ్గం ఆగింది గద," అని నోరు జారాను.

"పోగులు తెగినయి. అతుకుకుంట కూసున్న." ఆగి నా ముఖంలోకి చూసింది. "అయినా నీకెట్ల తెలుసు?"

టీ చల్లారిపోతోందని చెప్పి గ్లాసు ఎత్తుకున్నాను.

ఆదివారం ఆమె చెప్పిన సినిమాకే వెళ్లాం. ఇంటర్వెల్‌లో ఆమె మిగతావాళ్లకు పడవ సినిమా ఎందుకు గెలిచిందో చెబుతోంది. అన్నీ నేను చెప్పిన కారణాలే. నాకన్నా తక్కువ మాటల్లో, నాకన్నా బాగా చెప్పింది. అందరూ తలలూపారు. నేనూ ఊపాల్సి వచ్చింది.