గాలి మెషిన్‌కు సాంబ్రాణి

శుక్రవారం, ఇంకా పొద్దుగూకలేదు. మంచం మీద దిండ్లకు ఆనుకుని కూర్చుని, ముక్కుకు రబ్బరు మాస్కు తగిలించుకుని ఉన్న నాకు వరసగా తుమ్ములు వచ్చాయి. ముక్కు ఆపరేషనై అప్పటికి పదిరోజులు. తుమ్ము వస్తే ఆపుకోవద్దు, నోరు తెరిచి తుమ్మమని సర్జను చెప్పాడు. మొదటి రెండూ అలాగే తుమ్మాను. మూడోదానికి నోరు తెరిచే వ్యవధి లేకపోయింది. లోపల ఏదో దారం తెగినట్టు చిన్న చప్పుడైంది. ఆ తర్వాత పైపెదవి మీదికి వెచ్చగా దిగింది.

మాస్కులో నెత్తురు చేరుతోంది. మెషిన్ తన పని తాను చేసుకుపోతోంది. అది పంపే గాలి నెత్తుట్లో బుడగలు లేపి, రబ్బరు అంచుల సందుల్లోంచి నా బుగ్గల మీదికీ చొక్కా మీదికీ చిమ్ముతోంది. పట్టీలు తల వెనక బిగించి ఉన్నాయి. తగిలించుకోవడమే గాని వాటిని విప్పుకోవడం నాకింకా చేతకాదు. స్విచ్ మెషిన్ వెనక, గోడవైపు ఉంది. చెయ్యి చాపితే వేళ్ళు దాని పైభాగాన్ని తాకాయిగాని స్విచ్ దాకా వెళ్ళలేదు. నోటితో పిలుద్దామంటే గొంతులోకీ నెత్తురే.

మంచం పక్కన, చేతిలో నిప్పుల మూకుడుతో మా ఇంటి యజమానురాలు నిలబడి ఉంది. డెబ్భై దాటిన మనిషి. ఆమెను నేను అవ్వ అనేవాణ్ణి.

"సామీ! రగతం, రగతం!" అని ఆమె అరిచింది. మూకుడు ఎక్కడ పెట్టాలో తెలియక అక్కడే గుండ్రంగా తిరిగింది. "ఒరే, రారా! చెచ్చా, చెచ్చా!"

చెచ్చా అంటే అక్కడి మాటలో త్వరగా అని. గేటు దగ్గర సిగరెట్ కాలుస్తున్న ఆమె కొడుకు పరిగెత్తుకు వచ్చాడు. వచ్చి స్విచ్ కోసం వెతకలేదు, గోడలోంచి ప్లగ్గు పీకేశాడు. మాస్కును పట్టీలతో సహా నా తల మీంచి టోపీలా లాగేశాడు.

ఇదంతా జరిగింది డర్బన్‌లో, సిడెన్‌హామ్ కొండవాలున ఉన్న వాళ్ళింటి పెరటి గదుల్లో. నేను విజయవాడలో పాతికేళ్ళు దినపత్రికల్లో పనిచేసి, నా భార్యతో పాటు ఈ దేశం వచ్చాను. ఆమె డాక్టరు. తెల్లవాళ్ళ పాలన పోయి, ఎన్నికలై కొత్త ప్రభుత్వం వచ్చాక ఇక్కడి ఆసుపత్రులకు డాక్టర్లు కావలసి వస్తే దరఖాస్తు పెట్టింది. పోర్ట్ షెప్‌స్టోన్‌లో వేశారు. నాకు డర్బన్‌లో ఒక వారపత్రికలో కాపీ దిద్దే పని దొరికింది. వారంలో అయిదు రోజులు ఆమె అక్కడ, నేను ఇక్కడ. శుక్రవారం మధ్యాహ్నం నేను కారులో దక్షిణపు తీరం వెంట వెళ్ళి ఆమెను తీసుకొచ్చేవాణ్ణి.

అలా వెళుతూ ఒక శుక్రవారం రోబో దగ్గర నిద్రపోయాను. ట్రాఫిక్ లైటును ఇక్కడ రోబో అంటారు. ఎర్ర లైటుకు ఆపాను, ఆకుపచ్చ వచ్చింది నాకు తెలియలేదు. వెనకవాళ్ళ హారన్లకు లేచి చూస్తే కారు దానంతటది ముందుకు పాకి, మలుపు కోసం ముందు ఆగి ఉన్న చెరుకు లారీకి జానెడు దూరంలో ఆగి ఉంది. ఆ సంగతి నా భార్యకు చెప్పాను. చెప్పకుండా ఉండవలసిందని తర్వాత చాలాసార్లు అనుకున్నాను. ఆమె కారు తాళంచెవులు తన హ్యాండ్‌బ్యాగులో వేసుకుని, నన్ను నిద్ర పరీక్షకు పంపింది. నిద్రలో నాకు ఊపిరి ఆగిపోతోందని, ఆగిన ప్రతిసారీ మెలకువ వస్తోందని, ఆ మెలకువ నాకు గుర్తుండటం లేదని అక్కడ తేల్చారు. అందుకు మందు ఒక మెషిన్. రాత్రంతా ముక్కులోకి గాలి నెట్టి, గొంతు మూసుకోకుండా చూస్తుంది. జొహానెస్‌బర్గ్ నుంచి తెప్పించారు. రేడియో పెట్టెంత ఉంటుంది, బరువు మాత్రం కుట్టుమిషనంత.

అవ్వ దాన్ని మొదటిసారి చూసి, "ఇది సేపల తొట్టి పంపు కాదా?" అంది.

"నాకు గాలి కొట్టే పంపు, అవ్వా."

"టైర్‌కి కొట్టినట్టా! పొట్ట చూస్తే ముందే కొట్టేసినట్టున్నాది."

మెషిన్ వచ్చింది గాని గాలి లోపలికి పోలేదు. నా ముక్కు మధ్య గోడ చిన్నప్పటినుంచీ ఒక పక్కకు వంగి ఉందట. ఒత్తిడి పెంచితే గాలి నోట్లోంచి బయటికి వచ్చేసేది. తగ్గిస్తే గురకకు చాలేది కాదు. అప్పట్లో మాస్కులు ముక్కుకే ఉండేవి. గోడ సరిచేస్తే తప్ప మెషిన్ పనిచెయ్యదని, మెషిన్ పనిచెయ్యకపోతే ఏదో ఒక రోజు రోబో దగ్గర కాక నడిరోడ్డు మీదే నిద్రపోతానని సర్జను అన్నాడు. ఆ మాట ఆయన నవ్వుతూ అన్నాడు. నేనూ నవ్వాను. నా భార్య నవ్వలేదు.

ఆపరేషన్ చేసిన ఆసుపత్రి అంతకుముందు తెల్లవాళ్ళకు మాత్రమే. అవ్వ నన్ను చూడటానికి పప్పన్నం, రసం తీసుకుని కొడుకుతో వచ్చింది. మంచం పక్క కుర్చీలో కూర్చోకుండా కిటికీ దగ్గరికి వెళ్ళి కింద బస్సు స్టాపును చాలాసేపు చూసింది. "గార్మెంట్ ఫ్యాక్టరీకి పోయేటప్పుడు రోజూ ఆడ నిలబడేదాన్ని. ఈ కిటికీలు లెక్కపెట్టేదాన్ని," అంది. తర్వాత కొడుకు వైపు తిరిగి, "ఈడ ఏం స్పెషల్ లేదు రా. కర్టెన్లు మన ఇంటియే బాగున్నాయి," అని కూర్చుంది.

నేను ఆ మాటకు నవ్వలేకపోయాను. రెండు ముక్కు రంధ్రాల్లోనూ వేలంత లావున గుడ్డ కూరి ఉంది. నోటితో పీల్చి పీల్చి నాలుక అట్టలా అయింది. మింగితే చెవులు టప్పుమనేవి. కళ్ళు మూతపడితే చాలు, ఊపిరి ఆగి ఉలిక్కిపడి లేచేవాణ్ణి. ఇన్నాళ్ళూ నాకు గుర్తుండని మెలకువలు ఇప్పుడు ఒక్కొక్కటీ గుర్తుండేవి. మెషిన్ పెట్టుకోవడానికి వీల్లేదు. పెట్టుకోకుండా నిద్రపోవడానికి వీల్లేదు. నర్సు నన్ను కూర్చోబెట్టి వీపు వెనక దిండ్లు పేర్చింది. నేను జారిపోతే మళ్ళీ ఎత్తి కూర్చోబెట్టింది. యాభై ఏళ్ళ మనిషిని, చెప్పినట్టు కూర్చోవడం తప్ప నాకు చెయ్యడానికి ఏమీ లేదు.

గుడ్డలు తీశాక ఇంటికి పంపారు. పదోరోజు నుంచి మెషిన్ మెల్లగా మొదలుపెట్టవచ్చునన్నారు. నా భార్యకు ఒక్క రోజుకు మించి సెలవు దొరకలేదు. వెళ్ళేముందు అవ్వ చేతికి ఒక చీటీ రాసి ఇచ్చింది. ఇంగ్లీషులో, పెద్ద అక్షరాలతో. వంగకూడదు. ముక్కు చీదకూడదు. వేడివేడిగా ఏదీ తినకూడదు. బరువు ఎత్తకూడదు. సిగరెట్ తాగేవాళ్ళు గదిలోకి రాకూడదు. అవ్వ దాన్ని కొడుకు చేత రెండుసార్లు చదివించుకుని, ఫ్రిజ్ తలుపుకు అంటించింది.

ఆమెకు ఆ చీటీ చట్టం. రసం చల్లార్చి, వేలు పెట్టి చూసి తెచ్చేది. నేను కిందపడిన పేపరు తీయబోతే, "వొంగద్దు! డాక్టరమ్మ రాసింది!" అని వాకిట్లోంచే అరిచేది. ఎక్కువ బాధపడింది ఆమె కొడుకు. తన పెరట్లో తాను సిగరెట్ వెలిగించుకుంటే ఆమె చీపురు పట్టుకు వచ్చేది.

"మా, ఐయామ్ ఔట్‌సైడ్, మాన్!"

"గేటు బయట అవుట్‌సైడు! ఈడ గాలి అంతా ఆయన ముక్కులోకే పోతాది. పో!"

అతను కిటికీలోంచి నావైపు చూసి, "అంకుల్, ప్లీజ్, నువ్వు జల్దీ బాగైపో," అని గేటు దాటి వెళ్ళేవాడు.

పదోరోజు వచ్చేదాకా నేను గదిలో కూర్చుని కునికాను. పత్రిక నుంచి ప్రూఫులు పంపితే ఒక పేరా చదివేసరికి కాగితం మీద జొల్లు పడేది. ఫోన్లో మాట్లాడుతూనే నిద్రపోయేవాణ్ణి. నా భార్య అవతల్నుంచి నా గురక విని, అది ఆగినప్పుడు గట్టిగా నా పేరు పెట్టి పిలిచేది. డెబ్భై మైళ్ళ దూరం నుంచి ఆమె చెయ్యగలిగింది అదే.

పదోరోజు శుక్రవారం పడింది. ఆ రోజు సాయంత్రం ఆమె ఎవరి కారులోనో వస్తోంది. వచ్చేసరికి మెషిన్ పెట్టుకుని హాయిగా గాలి పీలుస్తూ కనపడాలని నాకు తొందర. అయిదు గంటలకే స్విచ్ వేసి, మంచమెక్కి తగిలించుకున్నాను. రెండు ముక్కుల్లోంచీ గాలి సమంగా లోపలికి పోవడం నా జీవితంలో అదే మొదటిసారి. కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. అలా ఓ ముప్పావు గంట గడిచింది.

శుక్రవారం అవ్వ ఇంట్లో దీపం పెట్టే వేళ అది. వాళ్ళ తాతలు విశాఖపట్నం వైపు నుంచి చెరుకు తోటలకు ఓడలో వచ్చినప్పుడు తెచ్చుకున్నవాటిలో మిగిలినవి కొన్ని వావివరసలు, కొన్ని తిట్లు, ఈ శుక్రవారం. పెరట్లో బొగ్గులు రాజేసి, మట్టి మూకుడులో పోసి, సాంబ్రాణి చల్లి, వంటింటితో మొదలుపెట్టి అన్ని గదులూ తిరిగేది. జబ్బు మనిషి ఉంటే అతని దగ్గర ఆఖరున, అందరికంటే ఎక్కువసేపు. ఇంట్లోకి కొత్త వస్తువేది వచ్చినా, కారయినా ఫ్రిజ్జయినా, దానికీ పట్టేది.

నా గది గుమ్మంలో నిలబడి, "పెట్టుకున్నావా నాయినా పంపు? పని చేస్తున్నాదా?" అంది.

మాస్కుతో మాట్లాడలేక తల ఊపాను.

"అయితే దీనికీ దిష్టి తగలకూడదు," అని మెషిన్ చుట్టూ మూకుడు మూడుసార్లు తిప్పింది. నాకు పట్టడానికి కొంగుతో విసురుతూ, దాన్ని మెషిన్ పక్కనే పట్టుకుని నిలబడింది. నేను కళ్ళు మూసుకుని చేతులు జోడించాను.

మెషిన్ గాలి లాక్కునే జల్లెడ వెనకవైపు ఉంది. ఆ సంగతి నాకు తెలుసు. టెక్నీషియన్ వేలుపెట్టి చూపించాడు, దుమ్ము పడకుండా చూసుకోమన్నాడు. సిగరెట్ పట్టుకున్నవాడెవడైనా ఆ గుమ్మంలో నిలబడి ఉంటే నేనే చెయ్యి ఊపి పొమ్మనేవాణ్ణి. సాంబ్రాణి వచ్చినప్పుడు చేతులు జోడించాను. అది పొగ అని ఆమెకు తోచలేదు, నాకూ తోచలేదు. చీటీ రాసిన నా భార్యకైనా ఆ ముందువారం తోచలేదు. ఆమే మా ఇంట్లో సాంబ్రాణి కడ్డీ వెలిగించే మనిషి.

అవ్వ కొడుకు నన్ను కారులో క్యాజువాలిటీకి తీసుకెళ్ళాడు. వెనక సీట్లో అవ్వ నా తల ముందుకు వంచి పట్టుకుంది. దారి పొడుగునా వంగద్దు అన్న మాట గుర్తొచ్చి వెనక్కి లాగేది, నెత్తురు గొంతులోకి పోయి నేను దగ్గితే మళ్ళీ ముందుకు తోసేది. రెండు ముక్కుల్లోనూ మళ్ళీ గుడ్డలు కూరారు. మెషిన్ ఆరువారాలు ముట్టుకోవద్దన్నారు. నా భార్య వచ్చి అంతా విని, మొదట అవ్వ చేతులు పట్టుకుంది. తర్వాత నన్ను ఒక్కటే అడిగింది. "మీరు పేపర్లో పనిచేశారు కదా. అన్నీ ప్రశ్నలు అడిగేవారు కదా. అప్పుడు ఏం చేస్తున్నారు?"

నేను చేతులు జోడించి చూపించాను.

ఆరువారాలయ్యాక సర్జను అద్దం పెట్టి చూశాడు. గోడ నిటారుగా ఉంది. కానీ మధ్యలో చిన్న రంధ్రం పడింది. పీల్చినప్పుడు సన్నగా ఈల వస్తుంది. అది పొగ వల్లా, తుమ్ము వల్లా, రెండోసారి కూరిన గుడ్డల వల్లా అని అడిగాను. "చెప్పలేం," అన్నాడు. నేను రెండోసారి అడిగాను, పాత అలవాటు. ఆయన అదే మాట మెల్లగా మళ్ళీ అన్నాడు.

అవ్వ వాకిట్లో ఎదురుచూస్తోంది. "నా పొగేనా?" అంది. సాంబ్రాణిని ఆమె పొగ అనడం అదే మొదలు.

"కాదట అవ్వా. డాక్టరు కాదన్నాడు."

ఆమె నా మొహం చూసింది. "అబద్దాలు పేపర్లో రాసుకో. నా దగ్గర వొద్దు," అని లోపలికి వెళ్ళింది. ఆ వారం శుక్రవారం నుంచి మా గదుల వైపు మూకుడు రాలేదు. నేను రెండుసార్లు అడిగాను. దీపం మాత్రం పెడుతోంది.

ఇప్పుడు మెషిన్ అన్నిటికంటే తక్కువ ఒత్తిడిలో పెట్టుకుంటున్నాను. గాలి కొంత గొంతులోకి పోతుంది, కొంత ఆ రంధ్రంలోంచి ఈ ముక్కు నుంచి ఆ ముక్కుకు తిరుగుతుంది. పొద్దున మాస్కులో ఎండిన నెత్తురు పొరలు కనిపిస్తాయి. కొన్ని రోజులు మధ్యాహ్నం దాకా మెలకువగా ఉంటాను, కొన్ని రోజులు ఉండలేను. రంధ్రం మూయడానికి ఇంకో ఆపరేషన్ ఉందిగాని అది రంధ్రాన్ని పెద్దదీ చెయ్యవచ్చునట. ఈ గాలి నాకు చాలుతోందో లేదో తేలితే గాని ఆ మాట ఆలోచించనన్నాడు సర్జను. అది తేల్చే నిద్ర పరీక్షకు ఈ రాష్ట్రమంతటికీ రెండు మంచాలున్నాయి. నా పేరు వరుసలో ఉంది. ఇంకా పిలవలేదు.