చెప్పి వెళ్ళిన ఇల్లు, చెప్పకుండా వెళ్ళిన ఇల్లు

మొన్న పొద్దున కామారెడ్డిలో మా గేటు దగ్గరికి ఇద్దరు పిల్లలు వచ్చారు, ఒక అబ్బాయి, ఒక అమ్మాయి, మెడలో కార్డులు, చేతిలో ఫోటోల పుస్తకం. అనాథ పిల్లల ఆశ్రమమట, తోచినంత ఇవ్వమన్నారు. ఫోటోల్లో పిల్లలందరూ ఒకే రంగు బట్టలు తొడుక్కుని, తలలకు నూనె రాసి నున్నగా దువ్వుకుని, వరుసగా నిలబడి నవ్వుతున్నారు. మా బిడ్డ అప్పటికే పర్సు పట్టుకుని వాకిట్లో నిలబడింది. నేను కుర్చీలోంచి లేవకుండానే ఆ అమ్మాయిని దగ్గరికి పిలిచి, పిల్లలు పొద్దున ఎన్నింటికి తింటారు, వండేది ఎవరు, నేనొకరోజు చెప్పకుండా వస్తే తలుపు తీస్తారా అని అడిగాను. ఆ పిల్ల ముఖం చిన్నబోయింది. మా బిడ్డకు చిర్రెత్తుకొచ్చింది. "ఊకో అమ్మా, ఇచ్చేదే గింత, పోలీసోళ్ళ లెక్క గన్ని అడుగుతవేంది" అని నా మీద కసురుకుంది.

నాకు పిసినారితనమని మా బిడ్డ అనుకుంటుంది. అనుకోనీ. ఎనభై దాటిన దాన్ని, ఇప్పుడు నన్ను ఎవరేమనుకుంటే ఏం? నాది భయం. డెబ్బై ఏళ్ళ కిందట పట్టుకున్న భయం, ఇప్పటికీ వదల్లేదు. ఈ కాలం పిల్లలకు చెబితే కథ చెబుతున్నానని ఫోను చూసుకుంటారు కానీ, మన ఈడు వాళ్ళకు చెప్పుకుంటే ఎక్కడో తగులుతుందని ఇది రాస్తున్నాను.

అప్పుడు మేము ఎల్లారెడ్డిలో ఉండేవాళ్ళం. బాపుకు తహసీలు కచేరీలో చిన్న కొలువు. మా వాడలో పద్నాలుగు ఇండ్లు, ప్రతి ఇంట్లో పొయ్యి పక్కన ఒక మట్టి ముంత ఉండేది, దాన్ని పిడికెడు ముంత అనేవాళ్ళం. పూటపూటా జొన్నరవ్వ గట్కకో బువ్వకో గింజలు చాటలో పోసుకున్నాక, పొయ్యి మీదికి పోకముందే అందులోంచి ఒక పిడికెడు తీసి ఆ ముంతలో వేయాలి. ఇంట్లో ఎంత తక్కువున్నా సరే ఆ పిడికెడు తప్పకూడదు, వేసేవాళ్ళ పిడికిలి సైజు మాత్రం వాళ్ళ ఇష్టం, మా చిన్నమ్మ పిడికిలిలో నాలుగు గింజలు కూడా నిలిచేవి కావని మా అవ్వ ముసిముసిగా నవ్వేది. మా దగ్గర తల్లిని అవ్వ, తండ్రిని బాపు, చిన్నాన్నను చిన్నబాపు అనేవాళ్ళం లెండి, ఇప్పుడు మా బిడ్డ నన్ను అమ్మా అంటున్నది, అది వేరే సంగతి. అమావాస్య నాడు ఆ పద్నాలుగు ముంతలూ మా అరుగు మీద ఒక గోనెసంచిలోకి వంపేవాళ్ళం.

ఆ సంచి లింగంపేటకు పోయేది. అక్కడ ఒక ముసలవ్వ ఉండేది. ఒక ఏడు గత్తర, అంటే కలరా, వచ్చి ఇంటిల్లిపాదినీ ఊడ్చుకుపోతే తనొక్కతే మిగిలి, తనలాగే ఎవరూ లేకుండా మిగిలిన పిల్లలను తెచ్చి పెట్టుకుని గంజి పోసి సాకుతుండేది. ఏడుగురు పిల్లలు. ఆమె ఎవరి ముందూ చేతులు జోడించి అడిగేది కాదు. అమావాస్య మర్నాడు నడిచి వచ్చేది, సంచి నెత్తిన పెట్టుకునేది, మీ పిల్లలు సల్లగుండాలని ఒక మాట అనేది, పోయేది. మా గింజలే ఆ పిల్లలకు నెలలో సగం రోజుల గంజి అని మాకందరికీ తెలుసు.

రెండో ప్రపంచ యుద్ధం నడుస్తున్న నిజాం రోజులు. వానలు కూడా సరిగా లేవు, గింజ దొరకడం కష్టమైంది, పిడికిళ్ళు చిన్నవయ్యాయి. అప్పుడు వచ్చాడు కామారెడ్డి నుంచి ఒక పెద్దమనిషి. మల్లెపూవు లాంటి ధోవతి, మెత్తని మాట. కామారెడ్డిలో అనాథాశ్రమం పెట్టానని, పిల్లలకు అన్నంతో పాటు చదువు కూడా చెప్పిస్తున్నానని, మా వాడ పిడికెడు ముంత సంగతి విని దండం పెట్టి, ఆ గింజలు తన పిల్లలకు ఇమ్మని అడగడానికి వచ్చానని అన్నాడు. సంచిలోంచి ఉర్దూలో రాసిన ఒక కాగితం తీశాడు, కింద ఎర్ర ముద్ర. మా వాడ ఆడవాళ్ళలో చదువు వచ్చినదాన్ని నేనొక్కదాన్నే. పదహారేళ్ళు, పెళ్ళయింది, అత్తగారింటికి పంపడానికి ఇంకా మంచిరోజు కుదరలేదు. అరుగు మీద అందరి మధ్యా నిలబడి ఆ కాగితం గడగడా చదివి, తెలుగులో అర్థం చెప్పాను. ఆ రోజు నా మెడ ఎంత నిక్కిందో ఇప్పుడు తలుచుకుంటే సిగ్గేస్తుంది.

సంచి ఒక్కటే, దాని కోసం చూసేవాళ్ళు ఇద్దరు. సగం సగం ఇస్తే ఎవరి కడుపూ నిండదు. ఆడవాళ్ళు తర్జనభర్జన పడి చివరికి నా మీద పెట్టారు. "సదువుకున్న పిల్లవు, రెండు జాగలు సూసి రా. నువ్వు ఏది చెప్తె గదే" అన్నది అవ్వ. మా చిన్నబాపు బెల్లం అమ్ముకోవడానికి కచ్చరం బండి కట్టుకుని కామారెడ్డి పోతున్నాడు, లింగంపేట ఎలాగూ దారిలోనే ఉంది.

ఇక్కడే మేము చేసిన తప్పు. చెప్పాపెట్టకుండా ఒకరింటికి అన్నం వేళకు పోవడం మాలో పెద్ద మర్యాద తక్కువ పని. వాళ్ళ పొయ్యి మీద ఏముందో తొంగి చూడడానికి వచ్చినట్టుంటుందని అవ్వ అనేది. అందుకని కామారెడ్డి పెద్దమనిషికి నాలుగు రోజుల ముందే, ఫలానా నాడు మా అమ్మాయి వస్తున్నదని కబురంపాము. లింగంపేట ముసలవ్వకు ఎవరూ కబురు పంపలేదు. ఎరిగిన మనిషి, పైగా లేని మనిషి, ఆమెకు కబురేమిటి అనుకున్నాం. మేము తొంగి చూడవలసింది పొయ్యినే అని ఒక్కరికీ తట్టలేదు.

నేను పోయేసరికి ముసలవ్వ ఇంట్లో పొగ. జుట్టు విరబోసుకుని, గంజి కలుపుతూ, ఎవడినో నోటికొచ్చినట్టు తిడుతున్నది. గోడలకు మసి, వాకిట్లో కోడి పెంట, పిల్లల ముక్కుల్లో చీమిడి. ఆరేళ్ళ పిల్ల ఒకతి, పేలకని గుండు చేసినట్టున్నారు, పొయ్యి పక్కన చతికిలబడి గరిటె నాకుతున్నది. ఒకడు ఇంకొంచెం పొయ్యవా అని ముసలవ్వ కొంగు పట్టుకుని గుంజుతున్నాడు, ఆమె వాడి చేతి మీద ఒకటి వేసి మళ్ళీ తనే పోసింది. నేను ఉతికిన చీర మడతలు నలగకుండా గుమ్మంలోనే నిలబడ్డాను. ఆమె నన్ను ఎగాదిగా చూసి, "సూసుడు అయ్యిందా బిడ్డా? నీకు పెడితె గీ పోరికి తక్కువైతది, ఏమనుకోకు" అన్నది. నేను మొదటి సగమే విన్నాను. చర్రున తిరిగి కచ్చరం ఎక్కుతుంటే ఆ గుండు పిల్ల వెనకాలే పరుగెత్తుకొచ్చి, అడగకుండానే చెంబుతో నీళ్ళు అందించింది. చెంబుకు మసి. వద్దని తల తిప్పుకున్నాను.

మర్నాడు కామారెడ్డిలో నాకు జరిగిన మర్యాద ఏమని చెప్పను! సున్నం కొట్టిన గోడలు, అలికి ముగ్గేసిన వాకిలి, తెల్లబట్టల్లో ఇరవై మంది పిల్లలు వరుసగా కూచుని ఉన్నారు. నాకు పీట వేసి, విస్తరి వేసి, తెల్లటి వరి అన్నం, పప్పు, నెయ్యి వడ్డించారు. పిల్లలకూ అదే. ఎవడూ ఇంకొంచెం కావాలని అడగలేదు, తలెత్తలేదు, చప్పుడు చేయకుండా గబగబా తిన్నారు. ఎంత బుద్ధిమంతులో అనుకున్నాను. మధ్యలో గొంతు పట్టుకుంటే పక్కనున్న పిల్లవాణ్ణి నీళ్ళు తెమ్మన్నాను. వాడు లేచి ఈ గదిలోకి తొంగి చూశాడు, ఆ గదిలోకి తొంగి చూశాడు, మళ్ళీ నా ముఖం చూశాడు. అంతలో ఆ పెద్దమనిషే పరుగున పోయి ఇత్తడి గ్లాసుతో నీళ్ళు తెచ్చి ఇచ్చాడు. ఎంత అణకువగల మనిషి అనుకున్నాను. చదువుకున్న తల్లివని నాతో ఒక పుస్తకంలో పేరు కూడా రాయించుకున్నాడు. అప్పటిదాకా నా పేరు ఎవరూ ఏ పుస్తకంలోనూ రాయించుకోలేదు.

ఇంటికొచ్చి అరుగు మీద చెప్పాను, లింగంపేటలో మురికి, తిట్లు, కామారెడ్డిలో ఇల్లు అద్దంలా ఉంది అని. మా మేనత్త ఒక్కతే, చదువూ సంధ్యా లేని మనిషి, "పోరగాండ్లు బక్కగున్నరా బొద్దుగున్నరా గది చెప్పు" అన్నది. నేను వాళ్ళ బట్టల గురించి చెప్పాను. ఆమె మళ్ళీ అదే అడిగింది. నేను చూడలేదు. చూడలేదని ఒప్పుకోవడానికి నా చదువు అడ్డం వచ్చింది, బొద్దుగానే ఉన్నారన్నాను.

అమావాస్య నాడు కామారెడ్డి నుంచి బండి వచ్చి సంచి తీసుకుపోయింది. మర్నాడు ముసలవ్వ వచ్చింది, వెంట ఆ గుండు పిల్ల. అవ్వ ఆమె ముఖం చూడలేక లోపలికి పోయింది. నేనే చెప్పాను, నీ ఇల్లు శుభ్రంగా లేదు, వాడంతా కలిసి కామారెడ్డికి ఇద్దామనుకున్నారు అని. ఆమె తిడుతుందనుకున్నాను. తిట్టలేదు. "అవు బిడ్డా, మురికే. ఏడుగురు. నీళ్ళు మొయ్యాల్నా, గంజి కాయాల్నా, ఒక్క మనిషికి ఏదో ఒకటే అయితది" అని ఖాళీ సంచి మడిచి చంకలో పెట్టుకుంది. అవ్వ మనసొప్పక చాటలో ఇంటి జొన్నలు పోసుకుని బయటికి వచ్చేసరికే వాళ్ళు వాడ మలుపు దాటిపోయారు.

ఇంకో రెండు అమావాస్యలు గడిచాయి, ఎండలు ముదిరాయి. కామారెడ్డిలో చిన్నబాపు అత్తగారింట్లో పెళ్ళికి పోయి, నా ఈడు పిల్లలకు గొప్పగా చూపించుకుందామని ఒక మధ్యాహ్నం వాళ్ళను వెంటేసుకుని ఆశ్రమానికి తీసుకుపోయాను. ఈసారి కబురేమీ పంపలేదు. తలుపుకు తాళం. వాకిట్లో ఊడ్చిన జాడ లేదు. పక్కింటి అరుగు మీద ఒకామె బీడీలు చుడుతున్నది, ఆమె పక్కన గోలీలాడుతున్నవాడు నాకు నీళ్ళు తేబోయిన పిల్లవాడే. ఆశ్రమం పిల్లలేరని అడిగితే ఆమె నవ్వింది. "ఆశ్రమమేందమ్మా? గొట్టం ఆశ్రమం. గా దినం ఎవలో సదువుకున్నామె సూడనీకి వస్తున్నదని మా వాడకట్టు పోరగాండ్లనే అడిగి తోల్కపోయిండు. కడుపునిండ బువ్వ పెడ్తనంటె పంపమా? గింజలు వచ్చిన బండ్లనే సీదా అంగడికి పోతయి, అమ్ముకుంటడు" అన్నది.

ఆ చదువుకున్నామెను నేనే అని చెప్పలేదు. వాడికి నీళ్ళ కుండ ఎక్కడుందో తెలియదు. తానుండే ఇంట్లో నీళ్ళ కుండ ఎక్కడుందో తెలియని పిల్లవాడు ఉంటాడా? నా కళ్ళతో చూశాను, చూసి కూడా నాకు బుర్రలోకి ఎక్కలేదు.

ఏడ్చుకుంటూ ఇంటికొచ్చి అవ్వ కాళ్ళ మీద పడ్డాను. అవ్వ వాడంతా తిరిగి ముంతలన్నీ వంపించుకుని, చిన్నబాపుతో కచ్చరం కట్టించి నన్ను లింగంపేటకు తీసుకుపోయింది. ముసలవ్వ ఇంట్లో పొయ్యి చల్లగా ఉంది. గింజ పుట్టక, నస్రుల్లాబాదు వైపు కాలువ కింద పొలాల్లో కూలి దొరుకుతుందని పిల్లలను వెంటేసుకుని నడిచి పోయిందని పక్కవాళ్ళు చెప్పారు. మేమూ పోయాం. రెండో రోజు, ఒక మడిలో వంగి కలుపు తీస్తూ కనిపించింది. గట్టు మీద నలుగురు పిల్లలు. ఇద్దరిని రామారెడ్డి ఊళ్ళో ఎవరో ఎరిగినవాళ్ళు ఉంచుకున్నారట. నేను గట్టు పొడుగునా వెతుకుతుంటే ముసలవ్వ నడుము ఎత్తి నా వైపు చూసింది.

"ఎవలి కోసం సూస్తున్నవ్? గుండు పోరి లేదు. తొవ్వల జరమొచ్చింది. కడుపుల ఇంత గంజి ఉంటె తట్టుకునేదేమొ, తట్టుకోకపోనేమొ, దేవునికెరుక" అన్నది.

అవ్వ సంచి దింపింది. తీసుకోదనుకున్నాను. నా ముఖాన విసిరికొడితే బాగుండుననుకున్నాను. ఆమె బురద చేతులు కొంగుకు తుడుచుకుని గట్టెక్కి వచ్చి, "కోపం నాది, ఆకలి వీండ్లది. ఇయ్యి" అని సంచి అందుకుంది. మూడు రాళ్ళు చేర్చి అక్కడే పొయ్యి పెట్టింది. నేను కూచుని గంజి కలిపాను. కళ్ళలో పొగ, ఏడుపు, ఏది ఏదో తెలియలేదు.

ఆమె మళ్ళీ లింగంపేట చేరింది. కాపురానికి పోయేదాకా ప్రతి నెలా ఒకసారి అన్నం వేళకు, చెప్పకుండా నేనే పోయేదాన్ని. నీళ్ళు మోసేదాన్ని, వాకిలి ఊడ్చేదాన్ని, పిల్లలు తినగా చూసి వచ్చేదాన్ని. నాకు పెడతానని ఆమె ఎప్పుడూ అనలేదు, నేనూ ఎప్పుడూ ఎదురుచూడలేదు.

ఇప్పుడు పిడికెడు ముంతలు లేవు. మా బిడ్డ వంటింట్లో గింజలు తీసి పక్కన పెట్టే చోటే లేదు. అప్పట్లో రోజుకు రెండుసార్లు ఎవరో ఒకరి ఆకలి మన చేతికి తగిలేది, ఇప్పుడు ఏడాదికొకసారి గేటు దగ్గర ఒక నోటు ఇస్తే తీరిపోతుంది. మారనిది ఒక్కటే, నూనె రాసి దువ్విన తలల ఫోటో చూస్తే మన చేయి వెంటనే ముందుకు పోతుంది. ఆ వచ్చిన పిల్లలు మంచివాళ్ళే అయి ఉండవచ్చు. అయితే మరీ మంచిది. అప్పట్లో ఒక అబద్ధపు ఇంటికి ఇచ్చి, నిజమైన ఇంటి పొయ్యి ఆర్పాను, నా భయమంతా అదే.

నిన్న రాత్రి అన్నం దగ్గర మా బిడ్డ తనంతట తనే, సరే అమ్మా, ఆదివారం నిన్ను ఆ ఆశ్రమానికి తోల్కపోత, ముందుగాల ఫోన్ చేసి చెప్త అన్నది. చెయ్యకు అన్నాను. అన్నం వేళకు పోదాం, ఎవరేమనుకున్నా సరే. అక్కడ నేను కాగితాలు చూడను, పుస్తకంలో పేరు రాయను. దగ్గరున్న చిన్నపిల్లను ఎవరినైనా పిలిచి, దాహమవుతున్నది, నీళ్ళు తెచ్చిస్తావా అని అడుగుతాను. ఆ పిల్ల నీళ్ళ కుండ దగ్గరికి తిన్నగా పోయి తెస్తే, చెంబు ఎలా ఉన్నా సరే, ఈసారి తాగుతాను.