తెలుపు మీద ఆకుపచ్చ

"...గోళ్ళలో ఆ ఆకుపచ్చేంటో చెప్పేదాకా పళ్ళెం ముట్టుకోనివ్వను," అంటోంది భార్య. "మూడు రోజుల్నించీ చూస్తున్నా. దళం బండ్లన్నీ తెల్లవేగా?"

"అరవకు. పెదవి దాటితే పృథివి దాటుతుంది."

పెయింటరు లేచి తలుపు మూశాడు. ఒకప్పుడు అతను దుకాణాలకు బోర్డులు రాసేవాడు. యుద్ధంలో దుకాణాలు పోయాయి. శాంతి కాపాడటానికి ఏడు దేశాల సైన్యాలు వచ్చి జిల్లాకొకటి పంచుకున్నాక, ఈ ఊరికి వచ్చిన దళం అతన్ని పనిలో పెట్టుకుంది. తెల్లబండ్ల మీద నల్లక్షరాలు దిద్దటం, గీతలు పడితే తెలుపు పూయటం. ఆరేళ్ళుగా అదే కూడు. వీధి మలుపులో తెల్లబండి నిలబడినంతకాలం కొండమీది ముఠా ఊళ్ళోకి దిగలేదు.

ఇప్పుడు ఆ దేశం తన దళాన్ని వెనక్కి రమ్మంది. తెల్లబండ్లకు మళ్ళీ సొంత సైన్యం రంగు వేసుకుని పోవాలి. జనానికి తెలిస్తే గేటుకు అడ్డం పడుకుంటారు. అందుకే కెప్టెన్ మాటిచ్చాడు: సంగతి షెడ్డు దాటకపోతే పెయింటరుకూ, భార్యకూ, ఇద్దరు పిల్లలకూ లారీలో చోటు.

"మరి వదిన?"

"నలుగురికే."

"మిమ్మల్ని ఎత్తుకు పెంచిన మనిషండీ!"

"అక్క నోట్లో నువ్వుగింజ నానదు. నీకు తెలీదా?"

భార్య పళ్ళెం అతని ముందుకు జరిపింది.

తిన్నాడో లేదో, పక్క వాటాలోంచి అక్క వచ్చింది, చేతిలో కిరసనాయిలు గుడ్డతో. అతను పని నేర్చుకునే రోజుల్నించీ సాయంత్రం అతని చేతులు తుడిచేది ఆవిడే.

"ఏరా, చిలకని పట్టుకున్నావా?" అని నవ్వి, ఒక్కో వేలూ తుడుస్తూ అడిగింది. "బండ్లకేనా ఈ రంగు? దళం లేచిపోతోందని వీధంతా మూటలు కట్టుకు కూర్చుంది. పొద్దున్నే పక్క జిల్లాకి బస్సుంది, అక్కడి దళం కదలదట. కనుక్కు రమ్మని నన్ను తోలారు. ఎక్కమంటావా?"

భార్య కిటికీలోంచి బయటికి చూస్తోంది.

"వానలొస్తున్నాయి కదక్కా. తుప్పు పట్టకుండా అడుగు రంగు. దానిమీద మళ్ళీ తెలుపే."

"అదీ సంగతి! పిరికి సన్నాసులు, చెప్తే విన్లేదు."

రంగుల సంగతిలో తమ్ముడి మాటకు ఆవిడ దగ్గర తిరుగులేదు. గుమ్మంలోంచే వీధికంతటికీ కేకేసి చెప్పింది. మూటలు విప్పుతున్న చప్పుడూ, గిన్నెలు మళ్ళీ అలమరల్లోకి ఎక్కుతున్న చప్పుడూ గోడలోంచి చాలాసేపు వినిపించాయి.

మర్నాడు పొద్దున బస్సు సగం ఖాళీగా వెళ్ళింది.

మధ్యాహ్నానికి దళం ఆవరణలో పచ్చబండ్లు వరుసకట్టాయి. పిల్లలతో, ఒక్క సంచితో భార్య లారీ పక్కన నిలబడింది. కెప్టెన్ చేతిలో కాగితం ఉంది.

"పైనుంచి ఆర్డరు మారింది. దళంలో పనిచేసినవాళ్ళే. కుటుంబాలు లేవు."

"బస్సు వెళ్ళిపోయింది కదండీ," అంది భార్య. ఎవరితో అందో తెలియలేదు.

"రెండు నిమిషాల్లో గేటు తీస్తారు. ఏమంటావు, పెయింటరూ?"

చిన్నది లారీ తలుపు మీద చెయ్యి ఆనించింది. రంగు ఇంకా ఆరలేదు. అయిదు వేళ్ళ అచ్చూ పడింది. పెయింటరు జేబులోంచి గుడ్డ తీసి ఆ చెయ్యి తుడిచాడు.

"నేను ఎక్కుతాను సార్," అన్నాడు.